మేం మెచ్చుకున్న బడి

మా పిల్లల సైన్సు గదిని లారీకెక్కించడం నేను నా కళ్లతో చూశాను.

గది అంటే గోడలు కాదు, గదిలో ఉన్నదంతా. నల్లరాయి పరిచిన బల్లలు, గాజుగొట్టాలు సర్దిన అట్టపెట్టెలు, మైక్రోస్కోపు, కొక్కేనికి వేలాడదీసే ఎముకల బొమ్మ. షిఫ్టు అయిపోయి కంపెనీ బస్సు దిగేసరికి బడి గేటు ముందు లారీ నిలబడి ఉంది. కూలీలు బల్లలు మోసుకొస్తున్నారు. ఒకడు ఎముకల బొమ్మను చంకలో ఇరికించుకుని నడుస్తున్నాడు. దాని కాళ్లు నేలమీద ఈడ్చుకుపోతున్నాయి. చిన్న తరగతుల పిల్లలు దాన్ని చూసి నవ్వుతున్నారు. పెద్ద తరగతుల పిల్లలు నవ్వడం లేదు.

లారీకి అడ్డంగా మా అమ్మాయి నిలబడి ఉంది. పదో తరగతి. చేతులు రెండూ బార్లా చాపింది. జడ ఊడిపోయింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ పిల్ల తాలూకు ఎవరు?" అని అరిచాడు ఆఫీసరు. జిల్లా విద్యాశాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి. హెడ్మాస్టరు కుర్చీ బయటికి తెప్పించుకుని గోడ నీడలో కూర్చున్నాడు.

"నేనండీ, తల్లిని."

"పక్కకు తీసుకెళ్లమ్మా. ప్రభుత్వ ఆస్తి తరలిస్తుంటే అడ్డుపడకూడదు."

"ఆస్తి ప్రభుత్వానిదైతే మరి పిల్లలెవరి వాళ్లు సార్?"

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. జేబులోంచి ఫోను తీసి, వేలితో రెండుసార్లు తోసి, నా మొహం ముందు పెట్టాడు. అందులో మా అమ్మాయే ఉంది. నున్నగా దువ్వి రెండు జడలు వేసింది నేనే. "మా పాఠశాలలో సైన్సు బోధన చాలా బాగుంది. మాకు ఏ లోటూ లేదు," అంటోంది గుక్క తిప్పుకోకుండా. తర్వాత నేను వచ్చాను. "మా పిల్లల చదువు పట్ల పూర్తి సంతృప్తిగా ఉన్నాము," అంటున్నాను. ఆ గొంతు నాదే. ఆ మాటలు నా అంతట నేను మాట్లాడినవి కావు.

"ఏ లోటూ లేదన్నవాళ్ల దగ్గర్నుంచి లోటుందన్నవాళ్లకు పంపిస్తున్నాం. ఇందులో అన్యాయమేముంది, మీరే చెప్పండి," అన్నాడు ఆఫీసరు.

కంపెనీలో సూపర్వైజరు గొంతు పెంచితే వాడికంటే రెండింతలు పెంచే మనిషిని నేను. ఆ రోజు నాకు నోట మాట రాలేదు.

ఇదెలా జరిగిందో చెప్తాను. మిషన్ల మీద ఒళ్లు హూనం చేసుకునే అక్కచెల్లెళ్లారా, కాలేజీ గేట్ల దగ్గర కరపత్రాలు పంచే తమ్ముళ్లారా, మీరే ముందు వినాలి. మమ్మల్ని కొట్టి లొంగదీయలేదు. మా చేత పొగిడించి లొంగదీశారు.

మా సందులకూ బట్టల కంపెనీ షెడ్లకూ మధ్య ఉంటుంది ఆ బడి. సర్కారు హైస్కూలు. మిషను కుట్టేవాళ్ల పిల్లలు, రంగులేసేవాళ్ల పిల్లలు, మూటలు మోసేవాళ్ల పిల్లలు, అందరికీ అదే. సైన్సు టీచరు రిటైరైపోయాక ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోలేదు. ఖాళీగా దొరికిన ఏ టీచరో వచ్చి పుస్తకం తెరిచి చదివేసి పోయేవాళ్లు. లాబుకు తాళం. తాళంచెవి ఎక్కడుందో అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకునేవాళ్లు.

మా అమ్మాయికి నర్సు కావాలని పట్టుదల. దానికి సైన్సులో మంచి మార్కులు రావాలి. రాకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నా పక్క మిషను ఖాళీగా ఉంది. "అమ్మాయి ఎదిగిందట కదా, ఎప్పుడు తెస్తున్నావ్?" అని సూపర్వైజరు అప్పుడే మొదలుపెట్టాడు. చొక్కా కాలర్లు కుట్టీ కుట్టీ నా మెడ ఇటు తిప్పితే అటు పట్టేస్తుంది. నా కూతురి మెడ అలా కాకూడదు. నాకు ఇంతకు మించి రాజకీయం తెలియదు అప్పటికి.

మా మాస్టారి గురించి చెప్పాలి. లెక్కల మాస్టారు, ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు. పరాయివాడు కాదు, మా సందులో పెరిగినవాడే. నాకు మిషను తొక్కడం నేర్పింది వాళ్లమ్మ. ఆ బడిలోనే చదివి, ఆ బడికే మాస్టారై వచ్చాడు. మేం కంపెనీ గేటు ముందు సమ్మెకు కూర్చున్నప్పుడు మా అట్టల మీద నినాదాలు రాసిపెట్టింది ఆయనే. నన్ను "అక్కా" అని తప్ప పిలిచేవాడు కాదు. మా అమ్మాయి ప్రతిదానికీ "ఎందుకు సార్" అంటుందని దానికి "ఎందుకమ్మ" అని పేరు పెట్టింది కూడా ఆయనే. బడంతా దాన్ని అలాగే పిలుస్తుంది. ఆయన మాట మాకు వేదం.

బడుల గురించి పిల్లల అభిప్రాయం, తల్లిదండ్రుల అభిప్రాయం ప్రభుత్వమే అడిగి తెలుసుకుంటుందని కబురొచ్చింది. ఆఫీసర్లు కెమెరాతో వస్తారట, ఎవరు చెప్పింది వాళ్ల మాటల్లోనే పైకి పంపుతారట. నేను ఎగిరి గంతేశాను. ఇన్నాళ్లకు మమ్మల్ని అడిగే నాథుడొచ్చాడు! మిషను మీద కూర్చుని ఏమేం చెప్పాలో మనసులో సర్దుకున్నాను. సైన్సు టీచరు లేదు. ఆడపిల్లల దొడ్డికి తలుపు లేదు, ఒకరు వెళ్తే ఇంకొకరు చున్నీ అడ్డం పెట్టి నిలబడాలి. తొమ్మిదో తరగతి గది వానకు కారుతుంది. ఆ సాయంత్రమే మాస్టారు మా ఇంటికొచ్చాడు. మా వాకిలి పెద్దది, మా ఆయన రంగుల డబ్బాలు అటూ ఇటూ జరిపితే అందరూ పడతారు. తల్లులూ తండ్రులూ పిల్లలూ వచ్చి కూర్చున్నారు.

"అక్కా, నోరు జారారంటే బడి పోతుంది," అన్నాడు మొదటి మాటే.

"ఎక్కడికి పోతుందయ్యా?" అంది ఇస్త్రీ వదిన. సందు మొదట్లో ఇస్త్రీ బండి ఆవిడది.

"బాగాలేదన్న బడిని బలహీనమైన బడి అని తీసేస్తారు. పెద్దరోడ్డు అవతల ఉన్న బడిలో కలిపేస్తారు. లారీలు తిరిగే ఆ రోడ్డు దాటి ఆడపిల్లల్ని పంపుతారా మీరు? పంపరు. చదువు మాన్పిస్తారు. నేను చదివిన బడి అక్కా ఇది. నా కళ్లముందు మూతపడితే చూడలేను." మా అందరి గుండెలూ జారిపోయాయి.

మా అమ్మాయి ఊరుకుంటుందా? "బాగాలేదని చెప్తేనే కదా సార్ బాగుచేస్తారు? బాగుందని ఎందుకు చెప్పాలి?"

మాస్టారు నవ్వి దాని నెత్తి మీద చెయ్యి వేశాడు. "ఎందుకమ్మా, కొన్ని ఎందుకులు పెద్దయ్యాక తెలుస్తాయి. నీ నోటితో చెప్తేనే బాగుంటుంది. నువ్వే మన బడి మొహం."

అది నా వంక చూసింది. "సారు మన మంచికే చెప్తాడే," అన్నాను.

ఇక ప్రాక్టీసు. ఎక్కాలు చెప్పించినట్టు ఒక్కొక్కరి చేతా మాస్టారు చెప్పించాడు. "ఆహ్లాదకరమైన వాతావరణం" దగ్గర బస్తాల మామ ఆగిపోయాడు. మార్కెట్లో మూటలు మోసే ముసలాయన. మనవణ్ణి ఆయనే పెంచుతున్నాడు. "నాలిక తిరగట్లేదురా అబ్బాయ్. మూటెత్తమను, ఎత్తుతా. ఈ మాట ఎత్తలేను," అన్నాడు. వాకిలంతా ఒకటే నవ్వు. ఆయన మనవడు రోజూ తాతకు ఆ మాట నేర్పాడు పాపం. పిల్లలు పెద్దలకు పాఠం అప్పజెప్పించుకోవడం మా సందుల్లో అదే మొదలు. మేం ఆ సంబరంలో పడి, అబద్ధం నేర్చుకుంటున్నామన్న సంగతే మర్చిపోయాం.

ఆ రోజు రానే వచ్చింది. కారే గదికి తాళం వేశారు, ఆ పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టారు. దొడ్డికి కొత్త పరదా కట్టారు. బడి మధ్యలో కెమెరా నిలబెట్టారు. మా ఆయన వంతు వచ్చింది. ఆఫీసరు, "మీ పేరేంటండీ?" అంటే, కంగారులో, "మాకు ఏ లోటూ లేదు సార్!" అనేశాడు. అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. ఆయన ఎందుకు నవ్వాడో నాకు ఆలస్యంగా తెలిసింది.

మా అమ్మాయిని ఒక ప్రశ్న ఎక్కువ అడిగాడు. "సైన్సు ఎవరు చెప్తారమ్మా మీకు?" అన్నాడు. ఆ ప్రశ్న ప్రాక్టీసులో లేదు. అది నా వైపు చూసింది. నేను తలూపాను. "మా మాస్టారే చెప్తారు సార్. చాలా బాగా చెప్తారు," అంది. మాస్టారి మొహం చూడాలి, వెలిగిపోయింది.

కొన్నాళ్లకు గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. జిల్లాలో అందరికంటే ఎక్కువమంది మెచ్చుకున్న బడి మాదేనట. మధ్యలో మా అమ్మాయి ఫొటో. బస్సులో ఆడవాళ్లు "మీ పిల్లే కదూ" అంటే నేను కాస్త మురిసిపోయాను కూడా. మాస్టారికి జిల్లా ఆఫీసులో పెద్ద ఉద్యోగం వచ్చింది. బడిని ఇంత బాగా నడిపినందుకట. సంతోషపడ్డాం, మనవాడు పైకెళ్తే మనకే మంచిదనుకున్నాం. ఆ తర్వాత సైన్సు టీచరు పోస్టును పెద్దరోడ్డు అవతలి బడికి మార్చేశారు. పోస్టు లేని బడిలో లాబు ఎందుకని లారీ పంపారు.

ఇప్పుడు లారీ దగ్గరికి రండి.

నేను ఆఫీసరు ముందు నిలబడి ఉండగానే మాస్టారు వచ్చాడు. తాళంచెవులు అప్పజెప్పడానికి వచ్చాడట. భుజానికి కొత్త తోలుసంచీ. మా అమ్మాయి చేతులు దించి ఆయన ముందుకు వెళ్లింది.

"సార్, బాగుందని చెప్తే టీచరును ఇవ్వరని మీకు ముందే తెలుసా?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"తెలుసా, తెలీదా?"

ఆయన ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు ఫోను చూసుకుంటున్నాడు. "రూల్సు అలాగే ఉంటాయి తల్లీ. తెలుసు. కానీ బడి మిగిలింది కదా? కలిపేస్తే ఏమయ్యేది?"

దానికి ఆఫీసరు తలెత్తాడు. "కలపడమేంటి? ఎవరన్నారు? ఇంతమంది పిల్లలున్న బడిని ఎవరు కలుపుతారయ్యా? అసలు ఆ ప్రతిపాదనే లేదు."

అంతే. ఆ ఒక్క మాట. ఆయన దాచాలని కూడా అనుకోలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గేటు దగ్గర అందరం ఒకేసారి మాస్టారి వైపు తిరిగాం. ఆయన నేలచూపులు చూశాడు. కలుపుతారన్న భయం మాకు పెట్టింది ఆయన. ఆ భయంతో మా వాకిట్లో మమ్మల్ని కూర్చోబెట్టి మా పిల్లల గొంతు మా చేతే కోయించాడు. ఆయన ఎక్కిన మెట్టు మా పొగడ్త! పరాయివాడు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. అక్కా అన్నవాణ్ణి ఏమని తిట్టాలి? నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను. ఏమేం తిట్టానో ఇక్కడ చెప్పకూడదు.

లారీ డ్రైవరు అంతసేపూ సీట్లో కూర్చుని వింటున్నాడు. కిందికి దిగి నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఈ సామాను పోయేది మా పిల్ల చదివే బడికే. మా దగ్గరికీ ఈ ఆఫీసరే కెమెరా తెచ్చాడు. మాకు ఎవరూ ఏమీ నేర్పలేదు, దులిపేశాం. టీచరు దిక్కులేదు, ఇదీ ఒక బడేనా అని మొహం మీదే అడిగాం. టీచరొస్తోందంటే పండగ చేసుకున్నాం. మీ నోటికాడిది లాగి మాకు పెడుతున్నారని నాకేం తెలుసక్కా?"

"ఏయ్, బండి తియ్యి!" అని ఆఫీసరు కేకేశాడు.

డ్రైవరు ఎక్కాడు, తాళం తిప్పాడు, ఇంజను గుర్రుమంది, వెంటనే ఆపేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "మొరాయించింది సార్."

"ఇప్పుడే కదా స్టార్టయింది!"

"అదే మరి దీంతో వచ్చిన చిక్కు. అవుతుంది, పోదు."

పిల్లలు ఈలలు వేశారు. ఆఫీసరు రేపు పోలీసులతో వస్తానని కారెక్కాడు.

పొద్దు గుంకేలోపే మా వాకిలి మళ్లీ నిండింది. ఈసారి మాస్టారు లేడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మా ఆయన గోడకానుకుని, "మన నోటితో మనమే చెప్పాం. ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?" అంటాడు. ఇస్త్రీ వదిన లేచి, "అవతలి బడోళ్లు అరిచి లాక్కున్నారు. మనమూ పదిమందిమి పోయి ఆ బల్లలు వాళ్ల గుమ్మం ఎక్కకుండా అడ్డం పడుకుందాం," అంటుంది. కుర్రాళ్లు కొందరు అప్పుడే లేచి నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు డ్రైవరు వాళ్ల సందువాళ్లను వెంటపెట్టుకుని వచ్చాడు. కొట్లాట ఖాయమనుకున్నాను. ఇస్త్రీ వదిన నడుముకు కొంగు బిగించింది.

"ఎందుకొచ్చారు? మిగిలిన తలుపులూ కిటికీలూ పీక్కుపోవడానికా?"

వాళ్లలోంచి ఒకావిడ ముందుకొచ్చింది. చేతులనిండా సిమెంటు మరకలు. మేస్త్రీ కింద పనిచేస్తుందట. "వదినా, నువ్వు తిడితే పడతాను, కానీ విను. మా బడిలో కూడా సైన్సు చెప్పే మనిషి లేదు, మీకంటే ముందు నుంచీ. మేం ఏడిస్తే వాడు కొత్త టీచరునివ్వలేదు, మీ టీచరునిచ్చాడు. రేపు మీరు ఏడిస్తే మాది పీకి మీకిస్తాడు. మన ఏడుపులు మార్చుకుంటూ బతుకుదామా? రెండు బళ్లకూ ఇద్దరు టీచర్లు కావాలని కలిసి అడుగుదాం. ఇస్తారా చస్తారా?"

వాకిలి చల్లబడింది. ఇస్త్రీ వదిన కొంగు వదులు చేసి, "కూర్చో, నిలబడే ఉన్నావ్," అని పీట జరిపింది.

"అడగడం సరే. వాడు మళ్లీ ఆ ఫోను తీస్తే?" అన్నాడు మా ఆయన.

"చెప్పింది వెనక్కి తీసుకుందాం," అంది మా అమ్మాయి. అంతవరకూ మూలన మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. "అదే బడిలో, అందరి ముందూ, ఒక్కొక్కరం నిలబడి, అప్పుడు చెప్పింది అబద్ధం, నిజం ఇదీ అని చెప్దాం."

"అబద్ధాలకోరులమని మనమే చాటింపు వేసుకోవాలా? పరువేం కావాలే?" అన్నాడు వాళ్ల నాన్న.

"పరువు పెట్టుకుని ఇది నర్సవుతుందా?" అన్నాను నేను. మర్నాడు ఎవరూ పనిలోకి వెళ్లకూడదని అక్కడే తీర్మానం అయింది.

మర్నాడు మా లైనులో మిషన్లన్నీ బోసిగా ఉన్నాయి. సూపర్వైజరు ఫోను మీద ఫోను, జీతం కోస్తానని. కోసుకోమన్నాం. మార్కెట్లో మూటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పెద్దరోడ్డు అవతలి పిల్లలు వాళ్ల తల్లుల చేతులు పట్టుకుని రోడ్డు దాటి మా బడికొచ్చారు. ఆఫీసరు వచ్చేసరికి బడిలో కాలు పెట్టే చోటు లేదు. ఆయన వెనక పోలీసు వ్యాను, దాని వెనక మాస్టారు. జిల్లా ఆఫీసు మనిషి హోదాలో వచ్చాడు, మాకు నచ్చజెప్పడానికి.

ఆయన నోరు తెరవకముందే బస్తాల మామ లేచాడు. "అయ్యా, ఆ రోజు నా చేత నాలిక తిరగని మాటలు చెప్పించారు. అది అబద్ధం. ఈ రోజు నా మాటలు నేను చెప్తా. మా మనవడికి కరెంటు బల్బు ఎలా వెలుగుతుందో బొమ్మ గీయడం వచ్చు, బల్బు ముట్టుకోవడం రాదు. వాడి చేతికి వైరు ముక్క ఇచ్చిన మనిషి లేడు మీ బడిలో." కూర్చున్నాడు. చప్పట్లు మార్మోగాయి.

ఆ తర్వాత ఇక ఆపేవాళ్లు లేరు. తొమ్మిదో తరగతి పిల్లాడు, వానొస్తే క్లాసులో గొడుగు వేసుకుంటామని చెప్పాడు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల, బడికొస్తే ఇంటికెళ్లేదాకా మంచినీళ్లు తాగనని చెప్పింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆడవాళ్లందరికీ అర్థమైంది. మా ఆయన లేచి ముందు తన పేరు చెప్పాడు, స్పష్టంగా. తర్వాత, "మాకు అన్నీ లోటే సార్," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చివర మా అమ్మాయి. "సైన్సు బాగా చెప్తారని నేను చెప్పింది అబద్ధం. మాకు సైన్సు ఎవరూ చెప్పలేదు, చదివి వినిపించారు. లారీలో ఉన్న ఆ మైక్రోస్కోపులో నేను ఒక్కసారి కూడా చూడలేదు. నా మొహం పెట్టి మీరు గేటుకు ఫ్లెక్సీ కట్టారు. దాన్ని విప్పేయండి. మాకూ టీచరు కావాలి, వాళ్లకూ కావాలి."

"రెండు బళ్లకూ!" అన్నారెవరో. "రెండు బళ్లకూ!" అని బడంతా అంది. అవతలి పిల్లలు ముందు, మా పిల్లలు వెనక, ఆ తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు.

ఆఫీసరు మొహం కందగడ్డయింది. "అయితే ప్రభుత్వానికి తప్పుడు సమాచారం ఇచ్చారన్నమాట! ఇది నేరం, తెలుసా? ఎవరు నేర్పారు మీకు? పేరు చెప్పండి!"

అందరి కళ్లూ మాస్టారి మీదికి వెళ్లాయి. మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు వాళ్లమ్మ గుర్తొచ్చింది, నా వేళ్లు పట్టుకుని సూది కింద గుడ్డ ఎలా జరపాలో చూపించిన మనిషి. తనే ముందుకొచ్చి ఒప్పుకుంటాడని ఎదురుచూశాను. వచ్చుంటే ఆ బడిలో సగంమంది ఆయన్ని క్షమించేవాళ్లు. నేనైతే తప్పకుండా క్షమించేదాన్ని.

మాస్టారు ముందుకొచ్చాడు. చెయ్యెత్తి నన్ను చూపించాడు.

"ఈవిడ ఇంట్లోనే సార్. ఈవిడే అందర్నీ పోగేసింది. నిన్నా ఈవిడే, అప్పుడూ ఈవిడే."

ఈవిడ. అక్క అన్న మాట అంత తేలిగ్గా ఎలా రాలిపోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఒక్కసారిగా బడిలో గగ్గోలు పుట్టింది. ఇస్త్రీ వదిన చెప్పు తీసింది, డ్రైవరు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. పోలీసులు నా రెక్క పట్టుకున్నారు. మా అమ్మాయి అడ్డం వచ్చింది. "నువ్వు ఇక్కడే ఉండవే, పిల్లల్ని చూసుకో," అన్నాను. మా ఆయన మాత్రం పరుగెత్తుకొచ్చి నా వెనకాలే వ్యానెక్కేశాడు.

"నిన్నెవరు పిలిచారయ్యా?" అన్నాడు కానిస్టేబులు.

"ఆ ఇల్లు నాదే సార్. వాకిలి కూడా నాదే," అని నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి ఆ మనిషి మీద నాకు గర్వం కలిగింది.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మాట్లాడాడు. వాళ్ల మర్యాద మనకు తెలియందా? "చూడమ్మా, కేసు పెడితే నీ పని పోతుంది, పిల్ల పరీక్షలు పోతాయి. ఎవరో రెచ్చగొట్టారు, ఆవేశంలో మాట్లాడాం, బడి బాగానే ఉంది అని ఒక్క మాట చెప్పు. ఇప్పుడే ఇద్దరినీ ఇంటికి పంపేస్తాను." కానిస్టేబులు కాగితమూ పెన్నూ పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

పిల్ల పరీక్షలు అనేసరికి నా పక్కన ఖాళీగా ఉన్న మిషను గుర్తొచ్చింది. పిల్ల కోసమే కదా ఇదంతా. ఒక్క మాట. ఆ మాట నాకు నోటికొచ్చు, నిద్రలో లేపినా చెప్తాను. మా ఆయన నా వంక చూస్తున్నాడు, ఏం చెప్పినా సరేనన్నట్టు.

అప్పుడు బయట సందడి వినిపించింది. మొదట బండ్ల హారన్లు, తర్వాత పిల్లలు. ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గరికి వెళ్లి, "ఇదేంట్రా బాబూ," అన్నాడు. నేనూ లేచి చూశాను. స్టేషను ముందు పెద్దరోడ్డు మీద రెండు బళ్ల పిల్లలు కూర్చున్నారు. ఇటు లారీలు ఇటే, అటు లారీలు అటే. యూనిఫారాల రంగులు వేరువేరు, వరసలు మాత్రం కలగాపులగం. డ్రైవరు అక్కడికి తోలుకొచ్చిన లారీ మీంచి నల్లరాయి బల్ల ఒకటి దించి రోడ్డు మధ్యలో పెట్టారు. దాని మీద మైక్రోస్కోపు. ఒక్కొక్కరే వచ్చి కన్ను ఆనించి చూసి పోతున్నారు. మా అమ్మాయి పక్కన నిలబడి వరస తప్పినవాళ్లను కసురుతోంది. చూపించడం దానికీ రాదు, ఎటు తిప్పితే ఏమవుతుందో అవతలి బడి పిల్ల ఒకతి, ఇది, ఇద్దరూ కలిసి తంటాలు పడుతున్నారు.

"చెప్పమ్మా, బడి ఎలా ఉంది? తొందరగా చెప్పు, వాళ్లను పంపించాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను కిటికీ ఊచలు పట్టుకున్నాను.

"రాసుకోండి," అన్నాను. "ఈసారి నాకెవరూ నేర్పలేదు."

తలుపు లేని దొడ్డి దగ్గర మొదలుపెట్టాను. రోడ్డు మీది పిల్లలకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాను.